కొండను చదును చేసేశాను, ఇప్పుడు ఆఫీసుకు వెళ్ళాలంటే సిగ్గుగా ఉంది

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. మొదటి పేజీ చూడగానే భవనాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ చేతిరాత అని తెలిసిపోయింది. అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఎక్కడా కొట్టివేత లేదు. పేరు వద్దన్నారు కనుక సంగతి మాత్రం చెబుతాను.

ఆయనకు 49 ఏళ్ళు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి 1997లో బోర్డు మీద పని మొదలుపెట్టారు. 2001లో బ్రాడీపేటలో ఒక ఇంజనీరు గారి దగ్గర చేరారు. ఆ ఏడాదే ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. అప్పటికే అక్కడ పాతికేళ్ళుగా పనిచేస్తున్న పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని ముట్టుకోలేదు, మరుసటి సంక్రాంతికి మానేశారు. ఈయన కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోకాడ్ నేర్చుకుని ఆ కుర్చీలోకి వచ్చారు. ఇప్పుడు ఇంజనీరు గారు పెద్దవారై ఇంటిపట్టునే ఉంటున్నారు, ఆఫీసు వారి అబ్బాయి చేతికి వచ్చింది. వచ్చే ఉగాది నుంచి ప్రతి ప్లానూ, భవనాన్ని ఎత్తుతో సహా మోడల్‌గా తయారు చేసే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లోనే చేయాలని ఆ అబ్బాయి చెప్పేశారు.

ఈలోగా ఒక పొరపాటు జరిగింది. మంగళగిరి కొండ వారన ఉన్న ఒక స్థలానికి సర్వేయరు పంపిన డ్రాయింగు మీద ఈయన భవనం ప్లాను గీస్తున్నారు. హ్యాచ్, అంటే హద్దుల మధ్య నింపే గీతలు, పట్టడం లేదు. మూల దగ్గర రెండు గీతలు కంటికి కలుస్తున్నాయి కానీ గీతలను కలిపే ఫిల్లెట్ కమాండ్ కొడితే కలవడం లేదు. దస్తావేజులో 40 మీటర్లున్న హద్దు కొలిస్తే 41 చూపిస్తోంది. ఒక వీడియోలో చూసి, మొత్తం డ్రాయింగును ఎంచుకుని, గీతలన్నిటి ఎత్తునూ సున్నా చేసే ఫ్లాటెన్ కమాండ్ కొట్టారు. అన్నీ కుదిరాయి. అదే ఫైలు మీద సేవ్ చేసి పంపేశారు. 12 రోజుల తరువాత స్ట్రక్చరల్ ఇంజనీరు ఫోను చేసి, "కాంటూర్లన్నీ సున్నా మీద ఉన్నాయి, కొండ ఏమైంది?" అని అడిగారు. కాంటూర్లంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. డిప్లొమా చేసి కొత్తగా చేరిన 23 ఏళ్ళ అమ్మాయి బ్యాకప్ ఫైలు కోసం వెతికింది, అదీ సున్నాలతోనే ఉంది. సర్వేయరు ఆ సాయంత్రమే ఫైలు మళ్ళీ పంపారు కనుక నష్టం ఒక పూట. కానీ అబ్బాయి అందరి ముందూ, "అంకుల్, ఇందుకే కొత్తది నేర్చుకోమంటున్నాను" అన్నారు. చిన్నప్పుడు ఆఫీసుకు వస్తే ఈయనే పెన్సిళ్ళు చెక్కి ఇచ్చిన అబ్బాయి.

ఆ వారమే అరండల్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టి చేరారు. చుట్టూ ఇరవై ఏళ్ళ పిల్లలు. మూడు రోజులు వెళ్ళారు. నాలుగో రోజు నుంచి ఆ రెండు గంటలూ ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని ఇంటికి వెళుతున్నారు. భార్యకు తెలియదు. కొడుకు బీటెక్ మూడో ఏడాది, ఇంటి అప్పు తీరడానికి ఇంకా ఆరేళ్ళుంది. అడిగినవి మూడు: ఉద్యోగం మానేసి ఇంట్లో ప్లాన్లు గీసుకుంటే గడుస్తుందా? ఆ అమ్మాయిని నేర్పమని అడగవచ్చా? ఈ వయసులో బుర్రకు ఎక్కుతుందా?

* * *

మీ మూడు ప్రశ్నలకంటే ముందు ఆ 41 మీటర్ల దగ్గర ఆగుతాను. నేనూ విజయవాడలో డ్రాయింగుల మధ్యే జుట్టు నెరిసినవాణ్ణి, అది చూసీ దాటిపోలేను.

ఆ అంకె మీకు అబద్ధం చెప్పలేదు. మీరు రాయలేదు గానీ ఆ హద్దు ఒక కొన కంటే రెండో కొన 9 మీటర్లు ఎత్తున ఉండి తీరాలి. 40 వర్గం 1600, 9 వర్గం 81, రెండూ కలిపితే 1681, అది 41 వర్గం. సర్వేయరు టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో తీసిన ప్రతి బిందువుకూ ఎత్తు ఉంటుంది, మీరు కొలిచింది వాలు వెంట దూరం. డిస్టెన్స్ కమాండ్ కొట్టినప్పుడు కింద డెల్టా జెడ్ అని, రెండు కొసల ఎత్తుల తేడా చెప్పే ఒక అంకె కూడా వస్తుంది. అందులో 9 కనిపించే ఉంటుంది. పై అంకె చూసి కళ్ళు తిప్పుకోవడం మనందరి అలవాటే. దస్తావేజులో రాసేది పైనుంచి చూసిన కొలత. కనుక హద్దును చదును చేయాలన్న మీ ఆలోచన సరైనదే, అది చేయవలసిన పనే.

హ్యాచ్ పట్టకపోవడానికీ కారణం ఇదే. మీరు గోడల గీతలను సర్వే బిందువులకు స్నాప్ చేశారు, అంటే ఆ బిందువులకే అంటించి గీశారు. ఒక గీత కొస 3 మీటర్ల ఎత్తు పట్టుకుంది, పక్క గీత కొస 4 మీటర్లది పట్టుకుంది. పైనుంచి చూస్తే మూల మూసుకున్నట్టే ఉంటుంది, పక్కనుంచి చూస్తే రెండూ వేర్వేరు అంతస్తుల్లో తేలుతుంటాయి. ఓస్నాప్‌జెడ్ అనే సెట్టింగును 1 చేసి గీస్తే స్నాప్ ఎక్కడ పట్టినా గీత మాత్రం నేల మీదే ఉంటుంది. పాతికేళ్ళు ఆటోకాడ్ చేసినవారిలో కూడా దీన్ని ఎన్నడూ ముట్టనివారు చాలామంది ఉన్నారు. గుంటూరు చదును నేల, మీకు దాని అవసరమే పడి ఉండదు. మంగళగిరి కొండ దగ్గరకు వెళ్ళేసరికి పడింది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? మీ పాత బోర్డును ఒకసారి గుర్తు చేసుకోండి. సర్వే షీటు కింద పరిచి, పైన ట్రేసింగ్ షీటు బిగించి గీసేవాళ్ళం. ఇంకు తప్పు పడితే షేవింగ్ బ్లేడుతో సున్నితంగా గీకి, ఆ చోటును గోటితో రుద్ది నున్నగా చేసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ గీసేవాళ్ళం. గీకింది ఎప్పుడూ పై షీటునే. కింది సర్వే షీటు మీద బ్లేడు పెట్టిన డ్రాఫ్ట్స్‌మన్‌ను నేను చూడలేదు, మీరూ చూసి ఉండరు. అంటే మీ చేతికి ఈ క్రమశిక్షణ ఎప్పుడో ఉంది. కంప్యూటర్లో పై షీటు, కింది షీటు ఒకే ఫైలులో కలిసిపోవడంతో చేయి దాన్ని మరిచిపోయింది. ట్రేసింగ్ షీటు మూడోసారి గీకితే చిరిగి మనకు చెబుతుంది. ఫైలు చిరగదు, 12 రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది.

కాబట్టి ఇకమీదట సర్వేయరు ఫైలును తెరిచి అందులో గీయకండి. కొత్త డ్రాయింగు తెరిచి దాన్ని ఎక్స్‌రెఫ్‌గా, అంటే వేరే ఫైలుగానే ఉంచి, కిందికి తెచ్చుకోండి. అదే మీ సర్వే షీటు. హద్దు గీతలను మాత్రం కాపీ చేసి, ఆ కాపీని చదును చేయండి. ఫ్లాటెన్ కొట్టినప్పుడు దాగిన గీతలు తీసివేయాలా అని అడుగుతుంది, నో అనండి. ఆ తరువాత అదనపు గీతలను తీసేసే ఓవర్‌కిల్ కొట్టండి, ఎందుకంటే వేర్వేరు ఎత్తుల్లో ఉన్న గీతలు ఒకే చోట పడి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. కాంటూర్ల జోలికి మాత్రం పోవద్దు. గది గోడకు ఎత్తు అంటుకుంటే అది చెత్త. కాంటూరుకు ఎత్తు తీసేస్తే మిగిలింది వంకర గీత.

ఇక అబ్బాయి మాట. "ఇందుకే కొత్తది నేర్చుకోమంటున్నాను" అన్నారు. ఆ కారణం సరైనది కాదు. రెవిట్‌లో నేలను సర్వే కాంటూర్ల నుంచే తయారు చేస్తారు. సున్నా మీద ఉన్న కాంటూర్లు ఇస్తే అదీ మంగళగిరి కొండను పేరంటం పీటలా చదునుగానే చూపిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఈ తప్పును ఆపదు. ఈ ముక్క మీకు కాస్త ఉపశమనం ఇస్తుందనే రాస్తున్నాను, ఆఫీసులో పదిమంది ముందు ఆయనకు వినిపించమని కాదు. ఎందుకంటే కారణం తప్పైనా ఆయన చెప్పిన పని తప్పు కాదు. మీరు ఏ ఎత్తులను అడ్డమనుకుని తొలగించారో, రెవిట్ పని మొదలయ్యేది ఆ ఎత్తులతోనే.

మూడు రోజుల్లో మీకు కనిపించి ఉంటుంది. అక్కడ గీత గీయమనరు, గోడ పెట్టమంటారు. గోడ పెట్టగానే అది అడుగుతుంది: కింద ఏ లెవల్, పైన ఏ లెవల్, మందం ఎంత? కిటికీ పెడితే సిల్, అంటే కిటికీ అడుగు, ఎంత ఎత్తు అంటుంది. మెట్లు వేయబోతే రైజర్ (మెట్టు ఎత్తు) ఎంత, ట్రెడ్ (అడుగు పెట్టే వెడల్పు) ఎంత అంటుంది. మీ పక్కన కూర్చున్న ఇరవై ఏళ్ళ పిల్లవాడు ఆ పెట్టెలో ముందుగా ఉన్న అంకెను అలాగే వదిలేసి ముందుకు పోతాడు, అందుకే మీకంటే వేగం. మీరు అక్కడ ఆగిపోయి ఉంటారు. సిల్ 900 మిల్లీమీటర్లు, కిటికీ పైన లింటెల్ 2100, దాని మీద సన్‌షేడు, బీము కింద ఎంత మిగులుతుంది అని లెక్క వేసుకుంటూ ఉంటారు. ఆగడం చేతకానితనం అనుకుని మీరు లేచి వచ్చేశారు. నా అనుమానం తప్పైతే క్షమించండి.

మీ మూడో ప్రశ్నకు ఇదే జవాబు, బుర్రకు ఎక్కుతుంది. ఒక మాట మాత్రం కలుపుతాను. ఆటోకాడ్ 1982లో వచ్చింది, మీరు నేర్చుకునేసరికి దానికి 19 ఏళ్ళు. రెవిట్‌ను ఆటోకాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ కొన్నది 2002లో. అంటే మీరు కొత్తది అంటున్న దానికి దాదాపు ఆ అమ్మాయి వయసుంది. అయితే ఎక్కుతుందా అన్నదాని కంటే ఎంత కాలం పడుతుందన్నది ముఖ్యం. రోజూ చేతిలో పని ఉంటే మూడు నాలుగు నెలలు మీ వేగం సగానికి పడిపోతుంది. అది ముందే చెప్పుకోకపోతే మీరు వెనకబడ్డారని లెక్క వేస్తారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మానేసి ఇంట్లో గీసుకోవడం. గీసే పని గుంటూరులో దొరుకుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఇంటి అనుమతుల దరఖాస్తు ఆన్‌లైన్‌లోకి వెళ్ళాక ప్లాను పెట్టాలంటే లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడి లాగిన్ కావాలి. మీరు గీస్తారు, మరొకరు పెడతారు, లెక్క ఆయన చేతిలో ఉంటుంది. శ్లాబు పడ్డాక డబ్బు ఇస్తామనే గృహస్థులను మీరు 24 ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు, అప్పుడు వారి వెంట తిరిగింది మీ ఇంజనీరు గారు, ఇకమీదట తిరగవలసింది మీరు. సాఫ్ట్‌వేర్ ఖర్చూ ఉంది. ఆటోడెస్క్ 2016 నుంచి ఒకసారి కొనుక్కుని శాశ్వతంగా వాడుకునే లైసెన్సులు కొత్తగా అమ్మడం లేదు, చందా కట్టాలి. శాశ్వత లైసెన్సు ఇచ్చే జెడ్‌డబ్ల్యూకాడ్, బ్రిక్స్‌కాడ్ వంటివి ఆటోకాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫైళ్ళనే తెరుస్తాయి, ఆటోకాడ్ చేతివాటం ఉన్నవారికి కొత్తగా అనిపించవు. లిబ్రెకాడ్ ఉచితం, కానీ అది డీఎక్స్ఎఫ్ అనే వేరే ఫైలు రకంలో పనిచేసేది, పెద్ద ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇబ్బంది పడతారు. దొంగ కాపీ మాట మీరు ఎత్తలేదు, నేనూ ఎత్తను. అప్పు ఆరేళ్ళు ఉండగా ఈ దారి పట్టాలంటే కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. సిగ్గుతో మానేయడం వేరు, పని చూసుకుని మానేయడం వేరు. మీ ఉత్తరంలో రెండోది నాకు కనబడలేదు.

ఆటోకాడ్‌తోనే నడిచే మరో ఆఫీసుకు మారడం. విజయవాడలో, గుంటూరులో అటువంటివి ఇంకా చాలా ఉన్నాయి. జీతం కాస్త అటూ ఇటూ కావచ్చు, మనసుకు హాయిగా ఉంటుంది. కానీ అక్కడికి రెవిట్ ఎప్పుడు వస్తుందో మీ చేతిలో ఉండదు. 54వ ఏట కొత్త చోట ఈ ఉత్తరమే మళ్ళీ రాయవలసి రావచ్చు, అప్పుడు పెన్సిళ్ళు చెక్కి ఇచ్చిన చనువు కూడా ఎవరితోనూ ఉండదు.

ఉన్నచోటే ఉండి అనుమతి డ్రాయింగులు, కమ్మీల డీటెయిల్స్, పాత ప్రాజెక్టుల మార్పులు నాకు వదిలేయమని అడగడం. ఇది మీరు అనుకుంటున్నంత చిన్న పని కాదు. రెవిట్ వాడే ఆఫీసుల్లో కూడా చాలా కాగితం ఇప్పటికీ ఎత్తు లేని రెండు కొలతల్లోనే బయటికి పోతోంది. పైగా పిల్లలు చేసిన మోడల్ నుంచి వచ్చిన సెక్షను (నిలువు కోత బొమ్మ) చూసి, ఈ మెట్ల కింద తల తగులుతుంది అని చెప్పే మనిషి ఆఫీసుకు కావాలి. అయితే అబ్బాయి ఒప్పుకున్నా ఇది రెండు మూడేళ్ళ ఏర్పాటే. మోడల్‌ను తెరిచి తిప్పి చూడటమైనా రాకపోతే, తప్పు చూపించడానికి కూడా ప్రింటు కోసం ఎదురుచూడవలసి వస్తుంది.

నేర్చుకోవడమే అనుకుంటే, ఆ ఇన్‌స్టిట్యూట్‌కు మళ్ళీ వెళ్ళడం ఒక పద్ధతి. కట్టిన డబ్బు ఉంది కనుక ఆదివారం బ్యాచ్‌కు మార్చమని అడగండి. వాళ్ళిచ్చే నమూనా బంగళా కాకుండా మీరు ఎప్పుడో గీసిన, గోడ గోడా గుర్తున్న ఒక ఇంటి ప్లాను పట్టుకెళ్ళండి. అందులో ఏ గోడ ఎక్కడ ఉండాలో వెతుక్కునే పని ఉండదు, బొత్తాలు మాత్రం వెతుక్కుంటారు. మీ కొడుకు బీటెక్ విద్యార్థి కనుక ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చేది అతనికి రావచ్చు. అది అతని చదువు కోసమే, ఆఫీసు పని అందులో చేయకూడదు. అతను నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండో పద్ధతి ఆ అమ్మాయి. మీ ఉత్తరంలో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గురించి రెండే వాక్యాలు ఉన్నాయి. ముట్టుకోలేదు, మానేశారు. బ్లేడుతో గీకడం మీకు ఆయనే నేర్పి ఉంటారని నా ఊహ. ఆరు పేజీల్లో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచినవి ఆ రెండు వాక్యాలే. ఆ ఏడాదంతా మీరు ఆయన పక్క కుర్చీలో కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారు. ఆయన అడగలేదు, మీరూ చెప్పలేదు. దీనికి మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, పాతికేళ్ళ వయసులో పెద్దవారికి నేర్పుతానని ఎదురు వెళ్ళడం మనలో ఎవరికి చేతనైంది? కానీ ఒక్కటి చెప్పండి. ఆయన ఏదో ఒక మధ్యాహ్నం మీ బల్ల దగ్గరకు వచ్చి, "ఇది కాస్త చూపించు నాయనా" అని ఉంటే మీరు నవ్వేవారా? కుర్చీ జరిపి ఉండేవారు. ఆ అమ్మాయి మీ బ్యాకప్ కోసం ఎవరూ చెప్పకుండానే వెతికింది. ఆమె మీకు ముందుగా వచ్చి చెప్పదు, మీరు చెప్పనట్టే.

అడిగేటప్పుడు మొత్తం రెవిట్ నేర్పమని అడగకండి, ఎవరైనా బెదిరిపోతారు. "అమ్మా, మెట్లు ఎలా వేస్తారో రేపు పదకొండింటికి ఒక అరగంట చూపిస్తావా?" అనండి. పని గంటల్లో, అందరూ ఉండే హాల్లోనే పెట్టుకోండి. సాయంత్రాలు ఆమెను ఆపవద్దు. ఆమెకు బస్సు ఉంటుంది, ఇల్లు ఉంటుంది, ఆఫీసులో నోళ్ళు కూడా ఉంటాయి. అబ్బాయికి ముందే చెప్పి ఆ అరగంటను పనిలో లెక్క వేయించండి, లేకపోతే మీకోసం వెచ్చించిన సమయానికి ఆమె మాట పడుతుంది. మొదటి పది రోజులు పక్క బల్లల నుంచి చిరునవ్వులు వస్తాయి, అది మాత్రం తప్పించలేను.

అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. ఫైలు విషయంలో తప్పు నాదే, ఇకమీదట సర్వే ఫైలును ముట్టకుండా ఎక్స్‌రెఫ్ పెడతాను, అందరికీ అదే నియమం పెడదాం అనండి. ఆ తరువాత, నలుగురి ముందు అన్న మాట నొప్పించిందని కూడా అనండి. అనకపోతే ఏమవుతుందో మీకే తెలుసు, మూడు నెలలుగా అదే అవుతోంది. ఆయన నొచ్చుకోవచ్చు, లేదా అన్న సంగతే గుర్తులేకపోవచ్చు. నాకు రెండోదే జరుగుతుందనిపిస్తోంది. ఉగాదికి ఏ ప్రాజెక్టుతో మొదలుపెట్టాలో మీరే ఒక చిన్న ఇల్లు సూచించండి. కొండ వారన ఉన్నది వద్దు.

ఇక ఇంట్లో సంగతి. దారి ఏదైనా ముందు అక్కడ చెప్పాలి. మీరు మానేసినా, మారినా, నేర్చుకున్నా నెల ఖర్చు లెక్క వేసేది మీరిద్దరే. టీ కొట్టు దగ్గర రెండు గంటలు ఎందుకు కూర్చున్నారో చెబితే ఆవిడ కోప్పడవచ్చు, కట్టిన డబ్బు గురించి అయితే తప్పక కోప్పడతారు. మరో బంధువు ద్వారా తెలిస్తే ఆ కోపం డబ్బు దగ్గర ఆగదు. అరండల్‌పేట అంత పెద్ద ఊరేమీ కాదు.

చివరి పేజీ అంచున చిన్న అక్షరాలతో ఒకటి అడిగారు: ఫ్లాటెన్ తరువాత రోడ్డు మలుపు గీతలు ముక్కలు ముక్కలుగా మారాయి, వాటిని మళ్ళీ ఆర్క్ (వంపు గీత) చేయడం ఎలా అని. ఏటవాలుగా ఉన్న వంపులను అది పాలీలైన్ ముక్కలుగా మార్చేస్తుంది, వెనక్కి తిప్పే కమాండ్ లేదు. సర్వేయరు మళ్ళీ పంపిన ఫైలు మీ దగ్గర ఉంది. దాన్ని కింద పెట్టుకుని, ఓస్నాప్‌జెడ్ 1 చేసి, మలుపు మొదలు, మధ్య, చివర మూడు బిందువులు పట్టుకుని ఆర్క్ కొత్తగా గీయండి. పది నిమిషాల పని.